ముబారక్ అల్ కబీర్ కంటే ఒసాకా దగ్గర

స్పీకర్ ఆన్ చేసి పదిమందిలో వీడియో కాల్ మాట్లాడేవాడిని మించిన లోకోపకారి ఈ కాలంలో లేడు. ఈ మాట బాగా ఆలోచించే రాస్తున్నాను.

మీరు ముఖం చిట్లిస్తారని తెలుసు. బస్సులో పక్కసీటువాడు ఫోన్‌ను అద్దంలా ఎదురుగా పట్టుకుని అరుస్తుంటే మీరు కిటికీ వైపు తిరుగుతారు. ఎందుకు తిరగాలి? అతను మీ దగ్గర పైసా తీసుకోకుండా తన సంసారమంతా మీ ముందు పరుస్తున్నాడు. ఇంతటి దాత ఇంకెక్కడ దొరుకుతాడు?

కువైట్‌లో ఉంటున్న నా సంగతే తీసుకోండి. నాకు మలయాళం రాదు. అయినా రోజూ బస్సులో నా వెనక కూర్చునే పెద్దమనిషి అల్లుడు తాగుబోతని, ఆయన కొత్తింటి స్లాబు కారుతోందని నాకు తెలుసు. మొన్న క్లినిక్కులో ఓ పంజాబీ సోదరుడి గేదె ఈనుతుంటే మేమంతా కుర్చీల్లో కూర్చునే చూశాం. దూడ లేచి నిలబడగానే సూది వేసే నర్సు కూడా చప్పట్లు కొట్టింది. పక్కవాడి దూడకు సంతోషించే రోజులు పోయాయని వాపోయేవాళ్ళు ఒకసారి ఆ క్లినిక్కుకు రావాలి.

అయినా మీరు ఒప్పుకోరు. అందుకే కొమురెల్లి దంపతుల జపాన్ విహారయాత్ర గురించి చెబుతాను. భార్య ఒసాకాలో తిరుగుతూ, భర్త ఇక్కడ కువైట్‌లోని అర్దియాలో మంచం మీద కూర్చుని చేసిన యాత్ర అది. ఆలుమగలు యాత్ర చేయవలసిన పద్ధతి అదేనని నా అభిప్రాయం. కాళ్ళనొప్పులు ఒకరికి, ఆనందం ఇద్దరికీ!

కొమురెల్లిది జగిత్యాల దగ్గర పల్లె. అర్దియా గ్యారేజీలో సొట్టలు పడ్డ కార్లకు డెంటింగ్ చేస్తాడు. ఏళ్ళ తరబడి రేకు మీద సుత్తి వేసి వేసి అతని చెవులు మొద్దుబారాయి. స్పీకర్ లేకపోతే అతనికి ఫోను ఒక సబ్బుబిళ్ళతో సమానం. మా గదిలో అతనితో పాటు స్పేర్ పార్టుల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునే నేనూ, ట్యాక్సీ నడిపే రాయచోటి రఫీ ఉంటాం.

కొమురెల్లి భార్య భాగ్యలత. మొగుడికి దగ్గరగా ఉండొచ్చని ఆమె కూడా కువైట్ వచ్చింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక విల్లాలో పని. సిగ్నళ్ళు కరుణిస్తే రఫీ ట్యాక్సీలో మా గదికి అరగంట.

కానీ వచ్చేముందే ఏజెంటు ఆమెకు ఒక ఉపాయం చెప్పి పంపాడు. "మొగుడు ఇండియాలోనే ఉన్నాడని చెప్పు. ఇక్కడున్నాడంటే శుక్రవారం వచ్చినప్పుడల్లా సెలవడుగుతావని ఎవరూ పెట్టుకోరు" అని. ఆమె అలాగే చెప్పింది. ఇండియాలో మొగుడున్న మనిషికి కువైట్‌లో సెలవెందుకు? కాబట్టి సెలవు లేదు.

ఇక మిగిలింది ఫోను. పని ముగిసి, ఇంట్లో పిల్లలు పడుకున్నాక ఆమె కాల్ చేసేది. ఆ ఇంట్లో అప్పుడు గుసగుసగా తప్ప మాట్లాడకూడదు. కొమురెల్లికేమో గుసగుస వినపడదు.

"ఆఁ? ఏందీ?" అనేవాడు. ఆమె మళ్ళీ గుసగుసలాడేది. "ఆఁ?" అనేవాడు మళ్ళీ.

పక్కమంచం మీద నుంచి నేను అందించేవాణ్ణి. "అన్నం తిన్నావా అంటోంది." "మోకాలు నొప్పి తగ్గిందట." మధ్యలో పెళ్ళాం మొగుడికి మాత్రమే చెప్పుకునే మాటలు కొన్ని వస్తాయి కదా, అప్పుడు నేను విననట్టు గోడ వైపు తిరిగేవాణ్ణి. ఆమె పంపిన ఆ మాటలు అర్దియా దాకా వచ్చి, ఎవరికీ చేరకుండా పోయేవి.

ఇలా ఉండగా ఆమె పనిచేసే ఇంటి మామా, బాబా పిల్లలను తీసుకుని ఒసాకాకు విహారయాత్ర పెట్టుకున్నారు. మామా అంటే ఇంటి యజమానురాలు, బాబా అంటే యజమాని. పిల్లలను ఎత్తుకోవడానికి భాగ్యలతను కూడా తీసుకెళ్ళారు. ఒకరోజు వాళ్ళంతా పెద్ద వినోదాల పార్కుకు బయల్దేరారు. పనిమనిషికి కూడా టికెట్ కొనాలని అక్కడ తెలిసింది. మామాకు అది దండగనిపించింది.

"నువ్వు ఊరు చూసిరా, భాగ్యా. ఇక్కడ భయం లేదు. ఇండియాలో ఉన్న నీ భర్తకు కూడా చూపించు" అంది.

మామా మంచిది. అదే చిక్కు. చెడ్డదైతే నాకు రాయడం సులువయ్యేది. కువైట్‌లో వీధిచివరి కిరాణా కొట్టుకు ఒంటరిగా పంపడానికి బాధ్యత నాదంటూ భయపడే మనిషి, ఒక్క ముక్క భాష రాని మహానగరంలో ఆమెను నిశ్చింతగా వదిలేసింది.

మాకు అది శుక్రవారం పొద్దున. ముగ్గురం ముసుగుతన్ని పడుకుని ఉన్నాం. ఫోన్ మోగింది. కొమురెల్లి ఎత్తి, గొంతు వినగానే ఫోన్‌ను దూరంగా పట్టుకుని తేరిపార చూశాడు.

"ఏందే, గింత గట్టిగ మాట్లాడుతున్నవ్?"

"ఈడ ఎవలున్నరు అడ్డం జెప్పేటోళ్లు? మన మాట ఎవ్వలకు రాదు. వినవడుతుందా?"

"మంచిగ వినవడుతుంది" అన్నాడు కొమురెల్లి. మళ్ళీ అన్నాడు, "మంచిగ వినవడుతుంది."

రఫీ తన ఫోనులో ఒసాకా మ్యాపు తెరిచాడు. అర్దియాలో మంచం మీద కూర్చుని అక్కడి వీధుల్లో ఆమెను నడిపించాడు. "అక్కా, నేరుగా పోయి సిగ్నల్ కాడ ఎడంపక్క తిరుగు. మెట్లుండాయి సూడు, దిగితే రైలు. తొందర బడమాక, ఇంకోటి వస్తాది."

ఆమె రైలెక్కింది. అంతా నిండుగా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. కొమురెల్లి అది చూసి కంగారుపడ్డాడు.

"రైలుల ఎవ్వలు మాట్లాడుతలేరేందే? ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

పెట్టె మొత్తం భాగ్యలత వైపు తిరిగింది. ఎదుటి సీటులోని ముసలావిడ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. చూపించినందుకు ఆవిడే నొచ్చుకున్నట్టు తలవంచి నవ్వింది. ఇటు కొమురెల్లి కూడా ఆవిడకు తలవంచి దండం పెట్టాడు. భాగ్యలత స్పీకర్ కట్టేసింది.

ఫోనును కిటికీ వైపు తిప్పి ఊరు చూపించబోయింది. కొమురెల్లి వద్దని చెయ్యి ఊపాడు. నీ వైపే తిప్పమని సైగ చేశాడు. ఆమె తిప్పింది. దిగే స్టేషను వచ్చేదాకా ఇద్దరూ ఒక్క మాటా లేకుండా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. నాకూ రఫీకీ ఒకేసారి టీ పెట్టుకోవాలనిపించి వంటగదిలోకి వెళ్ళాం.

రైలు దిగి ఒసాకా కోట దగ్గరికి వెళ్ళాక మళ్ళీ స్పీకర్ మోగింది.

"గోల్కొండంత లేదు" అన్నాడు కొమురెల్లి.

"దీని కందకంల నీళ్లున్నయి. గోల్కొండ నువ్వెన్నడన్న సూషినవా?"

"బస్సులకెళ్లి సూషిన."

"మరి ఊకో."

ఆ తరవాత కాలవ ఒడ్డున అంగళ్ళ వీధికి వెళ్ళింది. ఒక హోటలు నెత్తిన ఇంటంత ఎండ్రకాయ బొమ్మ కాళ్ళాడిస్తోంది. దాని కింద ఒకతను గుంటల పెనం మీద పిండి పోసి పుల్లతో గుండ్రంగా తిప్పుతున్నాడు. రఫీ లేచి నిలబడ్డాడు. "గుంతపొంగణాలు గదన్నా అయి! మా అమ్మ పోస్తాది అచ్చం అట్లనే."

భాగ్యలత కొనుక్కుంది. వేడికి నోరు తెరిచి ఊదుకుంటూ తింది. లోపల ఏముందని కొమురెల్లి అడిగాడు. ఆమె అంగడి అతన్ని సైగతో అడిగితే, అతను గోడ మీది బొమ్మ చూపించాడు. ఎనిమిది కాళ్ళ జంతువు.

"మింగినవా?"

"మింగిన. ఎర్క లేక ఒకటి, ఎర్కయినంక ఇంకోటి."

కొమురెల్లి నవ్వాడు. ఆ మనిషి నవ్వితే పైపళ్ళ మధ్య సందు కనిపిస్తుందని మాకు అప్పుడే తెలిసింది. ఇద్దరూ వాదించుకున్నారు, వెక్కిరించుకున్నారు, కాలవ గట్టున కూర్చుని ఊళ్ళో వాళ్ళనందరినీ ఆడిపోసుకున్నారు. ఆ పూట నేను ఒక్క మాటా అందించాల్సిన అవసరం రాలేదు.

ఆమె హోటలు చేరేసరికి గండం ఎదురైంది. పిల్లలు అలసిపోయారని మామా ముందే తిరిగొచ్చి కింద సోఫాలో కూర్చుని ఉంది. ఫోన్ చూసింది. "నీ భర్తేనా? ఇటివ్వు, పలకరిస్తాను."

ఇక మా గది చూడాలి మీరు. కొమురెల్లి వెనక అరబిక్ క్యాలెండర్, కుబూస్ రొట్టెల కవరు, గుయ్యిమంటున్న ఏసీ. "జగిత్యాలలో కుబూస్ యాడిదన్నా" అంటూ రఫీ కవరును దిండుకింద తోశాడు. నేను క్యాలెండర్ ముందు లుంగీ ఆరేస్తున్నట్టు పట్టుకుని నిలబడ్డాను. రఫీ ఏసీ కట్టేశాడు. ఒక్క నిమిషంలో అర్దియాను జగిత్యాల జిల్లాలో కలిపేశాం.

మామా తెరమీదికి వచ్చి నవ్వుతూ అరబీలో అడిగింది, "ఎలా ఉన్నావు?"

గ్యారేజీలో రోజూ అలవాటైన నోరు. "జైన్, అల్‌హమ్దులిల్లా" అన్నాడు కొమురెల్లి, అచ్చమైన కువైటీ యాసలో.

నేను లుంగీని ఇంకాస్త పైకెత్తాను. మామా కనుబొమలు పైకి లేచాయి. "ఇతనికి అరబీ వచ్చా?"

"నేనే ఫోన్ల నేర్పిన మామా" అంది భాగ్యలత. ఇంత అబద్ధం అంత తేలిగ్గా ఆడినందుకు ఆమెకు ఏ విశ్వవిద్యాలయమైనా పట్టా ఇవ్వాలి.

మామా ముచ్చటపడిపోయింది. కాసేపు కొమురెల్లిని చూసి, "పాపం, అంత దూరంలో ఒకరు, ఇంత దూరంలో ఒకరు. ఎలా ఉంటున్నారు మీరు?" అంది.

కొమురెల్లి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

తిరిగొచ్చాక మామా ఊరుకోలేదు. మంచిది అన్నాను కదా! వాళ్ళకు కబ్ద్‌లో ఎడారి తోట ఉంది. అక్కడ మేకలను చూసుకునే మనిషి మానేసి వెళ్ళిపోతున్నాడు. "నీ భర్తకు వీసా తీయిస్తాను. అరబీ కూడా వచ్చినవాడు. చలికాలమంతా మనం శుక్రవారాలు కబ్ద్‌లోనే ఉంటాం కదా, ఇద్దరూ కలుసుకోవచ్చు" అంది.

భాగ్యలత ఆ కబురు ఫోనులో గుసగుసగా చెప్పింది. నేను అందించాను. కొమురెల్లి తన చేతులవంక చూసుకున్నాడు. ఆ చేతులు తీయలేని సొట్ట అర్దియాలో లేదు.

"మేకలకు సొట్టలుండయి గదా" అన్నాడు.

"ఆ మామాకు నిజం జెప్పి, నా ట్యాక్సీలో ఈణ్ణించి ఆడికే పోరాదా అన్నా?" అన్నాడు రఫీ.

"నిజం జెప్తే దాన్ని ఇంట్ల ఉంచుతరా? ఆళ్ళ లెక్కల నేను ఈడ లేను. లేనోణ్ణి ఈణ్ణించి ఎట్ల పోత?"

"నువ్వు ఇదివరకే ఇక్కడున్నట్టు పాత ఇఖామా కార్డు వల్ల బయటపడితే?" అని నేనడిగాను.

"ఎన్నడో ఈడ ఉండి, మల్ల ఇంటికి పోయిన అంట. గప్పటికి పోయినోణ్ణే గదా, అబద్ధమెట్లయితది?"

పాఠకులారా, ఇప్పుడు మీరు స్పీకర్ ఫోను సంగతేమైందని అడుగుతారు. బస్సులో అరిచేవాడి వల్ల మన చెవులకు బాధే, నేను కాదనను. కానీ మొగుడూ పెళ్ళాం తలుపేసుకుని గట్టిగా మాట్లాడుకోవడానికి ఈ దేశంలో అరగంట దూరాన ఒక గది, వారానికి ఒక పూట ఉంటే, అతను మన చెవిలో ఎందుకు అరుస్తాడు? సెలవివ్వలేని చోట మనం సిమ్ములిచ్చాం. ఆపైన శబ్దం ఎక్కువైందని విసుక్కుంటున్నాం.

కొమురెల్లి గ్యారేజీలో పని ఖలాస్ అని చెప్పి, ఇఖామా రద్దు చేయించుకున్నాడు. ఇక ఇండియా వెళ్ళి, మామా తీయించే వీసా మీద మళ్ళీ రావాలి. ఎయిర్‌పోర్టుకు రఫీ ట్యాక్సీలో బయల్దేరాం. ముబారక్ అల్ కబీర్ మీదుగా పోనిమ్మని అడిగాడు. అది దారి కాదు. రఫీ బండి అటే తిప్పాడు.

విల్లా ముందు భాగ్యలత పైపు పట్టుకుని కార్లు కడుగుతోంది. మామా గేటు దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. రఫీ ఎదురుగా బండి ఆపాడు. కొమురెల్లి అద్దం దించాడు, దిగలేదు. భాగ్యలత తలెత్తి చూసింది. కారు ఎప్పుడో శుభ్రమైంది, ఆమె మాత్రం అదే తలుపు మీద నీళ్ళు పోస్తూనే ఉంది. మామా ఇటు తిరగబోతుంటే కొమురెల్లి అద్దం ఎత్తుకున్నాడు.

"యల్లా, పోనియ్" అన్నాడు.

ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్ళాక కొమురెల్లి మాకు ఫోన్ చేసి, పాస్‌పోర్టు చూసిన అధికారి అడిగిన మాటలు చెప్పాడు.

"పూర్తిగా వెళ్ళిపోతున్నావా? భార్య దగ్గరికా?"

"అవును, భార్య దగ్గరికే."

"ఎక్కడుంటుంది?"

"ముబారక్ అల్ కబీర్."

అధికారి పాస్‌పోర్టును ఒకసారి, కొమురెల్లిని ఒకసారి చూసి, ముద్ర వేసి, ఇండియా విమానం వైపు దారి చూపించాడట.