ఒక్కమాట గుర్రం

ఆ పొద్దున చోటీ బీ అనుకున్నది చిన్న పనే. పడుచు గుర్రం బిజిలీని చేల గట్ల వెంట గార్ల రోడ్డు దాకా నడిపించి, ఎండ ముదిరేలోగా తెచ్చి కట్టెయ్యాలి. రైసుమిల్లు వెనక జాగాలో తాడు పట్టి గుండ్రంగా తిప్పినన్నాళ్లూ అది చెప్పినట్టు విన్నది. "చల్" అంటే నడిచేది. "బస్" అంటే టక్కున ఆగేది. ఇక రోడ్డు ఎక్కించడమే మిగిలింది.

వెంట రాధాబాయి వచ్చింది. ఆమె కొడుకు బాలు రేపు బిజిలీ మీదే పెళ్లికి పోవాలి. నడక నచ్చకపోతే కారు మాట్లాడుకుంటానంది. వెంటే నడుస్తున్న చోటీ బీ భర్త గౌస్ ఇంకో మెట్టు పైకెక్కాడు. "గిది గియ్యాల నడువకుంటే సంతకు తోలుత."

గట్ల మీద గుర్రం పెళ్లికొడుకు కంటే ఠీవిగా నడిచింది. రోడ్డెక్కి, స్టేజీ దగ్గర ఆడవాళ్లు "బస్ ఇంకా రాదేందే" అనుకుంటున్న చోట టక్కున ఆగిపోయింది.

"చల్ బేటీ," అంది చోటీ బీ. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది.

గౌస్ గిట్టలన్నీ ఎత్తి చూశాడు. రాయి లేదు. దిష్టి తాకిందని రాధాబాయి కొంగు తిప్పి తీసింది. "జర నీళ్లు తాపుండ్రి. బస్ వచ్చేదాక నేను పట్టుకుంట," అంది స్టేజీలో ఒకామె. గుర్రం నీళ్లు తాగింది, కదల్లేదు.

అంతలో బస్ రానే వచ్చింది. గుర్రం నడిరోడ్డు మీద ఉంది.

"బస్ ఎనుకకు తియ్యన్నా."

"బస్ నిండ జనముండ్రు, ఎటు తియ్యాలె?"

"బస్ గాదు, గుర్రాన్ని జరుపుర్రి."

మాట మాటకూ బిజిలీ పాతిన రాయిలా బిగుసుకుంది. చోటీ బీ కళ్ల ముందు సంత కనబడింది. "చెవులు లేవానే నీకు? చల్," అంది ఏడుపు గొంతుతో. గుర్రం కాలు లేపింది. "అందరు బస్ దిగుండ్రి," అన్నాడు కండక్టర్. లేపిన కాలు దించేసింది.

చోటీ బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గిది నేను నేర్పిన మాటే ఇంటున్నది. ఎవ్వరు ఆ మాట అనకుర్రి."

"ఏ మాట?" అన్నాడు కండక్టర్.

"నువ్వు టికెట్లు కొట్టేది."

"మిషనా?"

"మిషన్ పట్టుకొని దేంట్ల తిరుగుతవో అది."

అందరూ మూతులు బిగించారు. గుర్రం నెమ్మదిగా పక్కకు జరిగింది.

రాధాబాయికి అది భలే నచ్చింది. ఇంతగా మాట వినేవాళ్లు తమ తండాలో మనుషుల్లోనే లేరంది. అక్కడే కట్టడి కూడా పెట్టింది. "రేపు ఎవ్వలన్న ఆ మాట తీసిన్రో, చూడుండ్రి. పెద్దబండి అనాలె."

మర్నాడు ఎవరూ ఆ మాట తీయలేదు. గౌస్ విందు వాసన పట్టి ముందే పందిట్లోకి పోయాడు. నోరు జారుతుందేమోనని చోటీ బీ నోటి నిండా పాన్ దట్టించింది. బిజిలీ ఎక్కడా ఆగలేదు. బ్యాండును దాటింది. పెళ్లికూతురి వాకిలినీ దాటింది.

"యాడీ, ఇల్లు ఎనుకనే ఉండె," అన్నాడు బాలు పైనుంచి తల్లితో. చోటీ బీ కళ్లెం లాగుతూ "బ్బ, బ్బ" అంది. పాన్ అడ్డం పడింది. రాధాబాయి ఇక తట్టుకోలేక, తన కట్టడి తానే తెంచి, ఊరంతా వినేలా "బస్, బస్" అని కేక పెట్టింది.

గుర్రం ఆగింది. పందిట్లో బంతిలో కూర్చున్న చుట్టాలు మాత్రం సగంమంది సంచులు పట్టుకుని రోడ్డు మీదికి ఉరికారు.