అలసట లేని ఐసీయూ

ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఇవతల ఉన్న త్రినాథ హాస్పిటల్ ఐసీయూలో అలసట అనేదే లేదని యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. సకల జనుల సమ్మె జోరు మీదున్న రోజులవి. బడులకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపోల్లో కునుకు తీస్తున్నాయి. ఆఫీసుల్లో కుర్చీలు సైతం విశ్రాంతి తీసుకుంటున్నాయి. నగరంలో అలుపెరగకుండా పనిచేస్తున్నవి రెండే: ఒకటి మైకు, రెండోది డాక్టర్ అరుణజ్యోతి.

అరుణజ్యోతిది నల్లగొండ పక్కన పల్లె. ఆమె తర్వాత డ్యూటీకి రావలసిన డాక్టర్ ప్రసన్నకుమార్ సొంతూరు గుంటూరు వెళ్లి, బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయాడు. అందువల్ల తన డ్యూటీ ముగియగానే ఆయన డ్యూటీ, ఆయనది ముగియగానే మళ్లీ తన డ్యూటీ చేసే అరుదైన అవకాశం ఆమెకు దక్కింది. మొదట్లో రోగులను పేర్లతో పిలిచేది. తర్వాత బెడ్డు నంబర్లతో పిలవసాగింది. ఒకరోజు ఒక ముసలాయన పోయాడు. బయట నిలబడ్డ కొడుకుకు ఆ మాట చెప్పి, అతను ఏడుస్తుండగానే ఆవలించింది. తర్వాత బాత్రూంలోకి వెళ్లి, తనకు ఏడుపెందుకు రావడం లేదో తెలియక అద్దంలో చాలాసేపు చూసుకుంది.

మరునాడు, గుండెజబ్బుతో చేరిన లారీ డ్రైవర్ జంగయ్యకు పక్క బెడ్డు మనిషికి రాసిన ఇంజెక్షన్ ఇవ్వబోయింది. సూది గుచ్చే ముందు ఎందుకో చేయి ఆగింది. సిరంజి పక్కన పెట్టేసి నేరుగా చైర్మన్ త్రినాథరావు గదికి వెళ్లింది.

"సార్, నేనొక మనిషిని చంపబోయిన. నాకు నిద్ర కావాలె. ఇంకో డాక్టర్ను పెట్టండి."

త్రినాథరావు గారు దయామయులు. ఆయన కళ్లు చెమర్చాయి. "అలా అనకూడదమ్మా. నీకు కావలసింది నిద్ర కాదు, మోటివేషన్" అన్నారు.

అన్నదే తడవుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో 'వైద్యుల మానసికోల్లాస సదస్సు' జరిగింది. డ్యూటీ దిగినవారు ఇంటికి వెళ్లకుండా నేరుగా హాజరు కావలెనని ఆదేశం. ఇన్సూరెన్సు ఏజెంట్లకు చిరునవ్వు నేర్పిన పట్టాభి గారు డాక్టర్ల చేత చేతులు పైకెత్తించి నవ్వించారు. తర్వాత త్రినాథరావు గారు ఉపన్యసించారు.

"సూర్యుడు ఎప్పుడైనా సెలవు పెట్టాడా? మన అరుణజ్యోతి కూడా అంతే. ఈ హాస్పిటల్‌కు ఆవిడే సూర్యుడు."

సూర్యుడు రోజూ సాయంత్రానికి ఇల్లు చేరతాడన్న సంగతి సభలో ఎవరికీ తట్టలేదు. సూర్యుడికి శాలువా కప్పారు.

ఆటోలు లేవు. శాలువాతోనే నడుచుకుంటూ హాస్పిటల్‌కు బయలుదేరింది. చైతన్యపురి దగ్గర రిలే నిరాహార దీక్ష శిబిరం కనిపించింది. అందులో పరుపు ఉంది. ఆ పరుపు సగం ఖాళీగా ఉంది. ఇక ఉద్యమ సిద్ధాంతాల గురించి ఆలోచించకుండా వెళ్లి పడుకుంది.

శిబిరం నాయకుడు తిరుపతి ఆమె మెడలో స్టెతస్కోపు చూసి మైకు అందుకున్నాడు. "అన్నలారా, మన డాక్టరమ్మ తెలంగాణ కోసం పానం ఇడువనీకె ఒచ్చింది. సూడుండ్రి, అప్పుడే సోయి తప్పింది."

నినాదాలు మిన్నంటాయి. టీవీల వాళ్లు వచ్చారు. ఇంత జరిగినా ఆమె కదలకపోయేసరికి తిరుపతికి నిజంగానే భయం పట్టుకుంది. అంబులెన్సు పిలిపించి దగ్గర్లోని దవాఖానకు పంపాడు. అది త్రినాథ హాస్పిటలే. ఆమెను ఆమె ఐసీయూలోనే చేర్చి సెలైన్ పెట్టారు. 'మా వైద్యులు అనారోగ్యంలోనూ ఐసీయూను వీడరు' అని త్రినాథరావు గారు పత్రికలకు తెలియజేశారు.

ఐసీయూలో అప్పుడు ఇంకో డాక్టర్ లేడు. జంగయ్య భార్య లచ్చమ్మ మెల్లగా ఆమె మంచం దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, జర లేవు. మా ఆయనకు దమ్ము ఆడుతలేదు."

అరుణజ్యోతి లేచింది. సెలైన్ సీసాను లచ్చమ్మ చేతికిచ్చి, ఒక చేత్తో మందు ఎక్కించింది. జంగయ్య ఊపిరి నెమ్మదించింది. అప్పుడు గాని లచ్చమ్మ ఆమె ముఖం సరిగా చూడలేదు. "నీ పానమే బాగలేదు గద బిడ్డా. నిన్నెందుకు లేపితినో" అని కళ్లు తుడుచుకుంది. అరుణజ్యోతికి కూడా ఏడుపొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన ఏడుపు పూర్తికాకముందే వెనక నుంచి ఎవరో పిలిచారు. "మేడం, ఎలాగూ లేచారు కదండీ, మా నాన్నగారిని కూడా ఒక్కసారి చూసిపోండి."

చూసింది. అందరినీ చూసింది. బస్సులు తిరగడం మొదలై ప్రసన్నకుమార్ రాగానే రాజీనామా చేసింది. ఆ అరుదైన అవకాశం ఇప్పుడు ఆయనకు దక్కింది.

అరుణజ్యోతి చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో బయాలజీ చెప్పసాగింది. చేరిన కొత్తలోనే మహిపాల్ అనే కాంట్రాక్టరు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఎట్లన్న జేసి డాక్టర్ను చెయ్యాలె మేడం. పిల్లకు తెలివి మస్తుంది. ఒక్కటే పరేషాన్, నిద్ర ఆపుకోదు."

పిల్ల నిలబడే కళ్లు మూస్తోంది.

"పడుకోనియ్యండి" అంది అరుణజ్యోతి.

మహిపాల్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ సాయంత్రమే పిల్లను ఎదురు వీధిలోని ఇంకో సెంటర్లో చేర్పించాడు. అక్కడ నిద్ర మాన్పించడంలో మంచి పేరుంది. సీటు దొరకడమే కష్టం. మీకు తెలియనిదేముంది, మీ పిల్లలూ అక్కడే చదువుతున్నారు కదా.