తనిఖీకి వచ్చిన తలుపు

శోభారాణి ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో చేయవలసిన పని ఒక్కటే ఉంది: ఏమీ చేయకపోవడం. పదిన్నరకు హైదరాబాద్ నుంచి అధికారి వస్తాడు. గోడలో పగులు చూస్తాడు. రేకుల్లో చిల్లులు చూస్తాడు. నేల మీద కూర్చుని రాసుకుంటున్న పిల్లలను చూస్తాడు. ఆడపిల్లల బాత్రూంకు తలుపు లేకపోవడం చూస్తాడు. ఇన్ని చూశాక ఇక ఎవరూ నోరు విప్పి అడగనక్కరలేదు.

పాలకుర్తి దాటి కొంత దూరం పోయాక, ఒక పాత పత్తి గోదాములో నడుస్తున్న సర్కారు డిగ్రీ కాలేజీలో ఆమె రాజనీతి శాస్త్రం చెబుతుంది. భవనానికి ఈసారి నిధులు రాకపోతే కాలేజీని తీసుకుపోయి జనగామలో కలిపేస్తారని అప్పుడే చెప్పేశారు. మగపిల్లలు అంత దూరం ఎలాగో పోతారు. తండా నుంచి నడిచి వచ్చే సుమన లాంటి వాళ్ళు ఇంట్లో ఉండిపోతారు. అందుకే శోభారాణి మూడు నెలలు ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగింది. వేల సంతకాలు పెట్టించింది, దస్త్రం నిండా ఫొటోలు తీయించింది. ఆమెను తిప్పింది ఆశ కాదు, కోపం. ఆశకు మధ్యాహ్నం నిద్ర వస్తుంది, కోపానికి రాదు.

ముందు రోజు అందరినీ నిలబెట్టి ఒక్క మాట చెప్పింది. "రేపు ఎవ్వరు ఏం ముట్టుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండాలె."

తొమ్మిదింటికి ఆమె వచ్చేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. వాచ్‌మన్ యాకయ్య మోచేతుల దాకా సున్నంతో నిలబడి నవ్వుతున్నాడు.

"యాకయ్యా, పగులేది?"

"పూడ్చిన మేడం. సిమెంటు పెట్టి, మీదికెల్లి రెండు పూతలేసిన."

"ఏం ముట్టుకోవద్దని చెప్పిన గదా!"

"పోరగాళ్లకు చెప్పిన్రనుకున్న. సార్ వచ్చేవరకు గోడ పలిగి ఉంటె మన ఇజ్జత్ ఏంగావాలె?"

"ఆ పగులు చూడనీకే ఆయన వస్తుండు!"

పగులు చూడడానికి హైదరాబాద్ నుంచి మనిషి వస్తాడన్నది యాకయ్య తలకు ఎక్కలేదు. ఎక్కింది మేడం కోపం. కోపంగా ఉందంటే చేసింది చాలలేదన్నమాట. ఫోన్ తీసుకుని పక్కకు పోయాడు. "మహేశ్, జల్ది రారా. మేడం మస్తు పరేషాన్ల ఉన్నది."

టెంట్ హౌస్ నడిపే మహేశ్ ఈ కాలేజీలోనే చదివాడు. శోభారాణి స్టాఫ్ రూంలో దస్త్రం సర్దుకుని బయటకు వచ్చేలోగా, తెల్ల తొడుగులు, ఎర్ర రిబ్బన్లు ఉన్న వంద కుర్చీలు బారులు తీరాయి. రేకుల కింద పెళ్ళి పందిరి గుడ్డ బిగిసిపోయింది. చిల్లులూ, వాటిలోంచి నేల మీద పడే ఎండ చుక్కలూ మాయమయ్యాయి.

"గివన్నీ తీసెయ్ మహేశ్. ఇప్పుడే!"

"కిరాయి గురించి ఫికర్ చెయ్యకున్రి మేడం. మన కాలేజి."

"కిరాయి కాదురా! పిల్లలు కింద కూసోవాలె!"

మహేశ్ వంగి నేల చూశాడు. "కిందనా? అయితె తివాచీ పరుస్త మేడం. ఎర్రది ఉన్నది."

తివాచీ గేటు దాకా పరుచుకుంది. ఆమె మళ్ళీ అరిచింది, పూలకుండీలు వచ్చాయి. ఆమె అరిచిన కొద్దీ కాలేజీ బాగుపడుతోంది. ఇంకో గంట సమయం ఉంటే ఆ అరుపులకే మేడ లేచేది.

గొంతు బొంగురుపోయి గోదాము వెనక్కి పోయింది. ఈ కోపం ఆమెకు కొత్త కాదు. ఎనిమిదేళ్ళప్పుడు ఇంటికి బడి పంతులు వస్తే, అమ్మ పక్కింట్లో స్టీలు గ్లాసులు అడిగి తెచ్చి చాయ్ పోసింది. "గవి మాయి కావు సార్" అని శోభారాణి చెప్పేసింది. పంతులు నవ్వాడు. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిజం చెప్పానన్న పొగరు శోభారాణిలో ఇప్పటికీ ఉంది. అమ్మ ముఖం కూడా ఉంది. ఆ రెండూ ఎప్పుడూ ఎదురుపడకుండా ఇన్నేళ్ళూ జాగ్రత్తపడింది.

సుత్తి చప్పుడైంది. బాత్రూం దగ్గర సుమన తండ్రి జాల్యా ఒక తలుపు బిగిస్తున్నాడు. నీలం రంగు తలుపు, అడుగున పసుపు, కుంకుమ బొట్లు.

"జాల్యన్నా, ఈ తలుపు ఎక్కడిది?"

"మా ఇంటిదే మేడం. నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువైతె రంపం పెట్టిన."

"మరి మీ ఇంటికో?"

"చీర కట్టినం. మా పోరి సదివే కాడికి పెద్ద సార్ వస్తుండు. బాత్రూంకు తలుపు లేకుంటె ఎట్ల?"

సుమన నేల చూస్తూ అంది: "నేను వద్దన్న మేడం. ఇనలే."

శోభారాణి 'ఊడదీయి' అనలేకపోయింది. గేటు దగ్గర కారు హారన్ మోగింది.

అధికారి మంచివాడు. అదే అన్నిటికన్నా దారుణం. తివాచీ అంచు తొక్కకుండా నడిచాడు, ప్రతి కుర్చీ చూశాడు, పందిరి గుడ్డ కేసి తలెత్తి మెచ్చుకోలుగా చూశాడు. "మూడు కాలేజీలు చూసి ఒకదానికి నిధులు రాయాలి మేడం. నిన్న మహబూబాబాద్ వైపు ఒకటి చూశాను, రేపు భూపాలపల్లి వైపు ఒకటి. నిజం చెప్పాలంటే, మీ దరఖాస్తు చదివి మీకే రాద్దామనుకుని వచ్చాను."

దస్త్రం తెరిచాడు. తలుపు లేని బాత్రూం ఫొటో చూశాడు, ఎదురుగా ఉన్న నీలం తలుపు చూశాడు.

"ఈ ఫొటోలు ఎప్పటివి?"

వారం కిందటివి. మూడు నెలల తిరుగుడు మొత్తం ఆ ఒక్క జవాబు మీద నిలబడి ఉంది. ఈ తలుపు అతని ఇంటిది సార్ అంటే చాలు. శోభారాణి నోరు తెరిచి జాల్యా వైపు చూసింది. అతను సుత్తిని రెండు చేతులతో, పళ్ళెంలా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాతవి సార్," అంది ఆమె. "జర చాయ్ తాగున్రి."

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. సదుపాయాలు తృప్తికరం. నిధులు మహబూబాబాద్ వైపు కాలేజీకి మంజూరు. శోభారాణి కోపానికి మనిషిని వెతికింది. యాకయ్యను తిట్టుకుంది, మహేశ్‌ను తిట్టుకుంది. ఆ తర్వాత మిగిలిన మనిషి చేతిలోనే ఆ ఉత్తరం ఉంది. రెండో పేజీ తిప్పింది. ఇంత చక్కని కాలేజీని మరొక దానిలో కలపడం సబబు కాదు కనుక ఆ ప్రతిపాదన విరమించడమైనది. ఆదర్శ కళాశాలగా దీనిని చూసి నేర్చుకోవడానికి మూడు జిల్లాల ప్రిన్సిపాళ్ళు ఇరవయ్యో తేదీన వస్తున్నారు.

బయట వాన మొదలైంది. రేకుల్లోంచి నీళ్ళు పడుతుంటే పిల్లలు పుస్తకాలు ఎత్తుకుని ఓ మూలకు జరుగుతున్నారు. వాళ్ళలో సుమన కూడా ఉంది. వచ్చే ఏడు కూడా ఇక్కడే తడుస్తుంది.

"యాకయ్యా!" శోభారాణి పళ్ళు కొరుకుతూ పిలిచింది. "సున్నం నానబెట్టు. మహేశ్‌కు ఫోన్ చెయ్యి."

"ఈసారి ఎట్లుండాలె మేడం?"

"పోయినసారి ఉన్నట్టు."

తలుపు కోసం మాత్రం జాల్యాకు కబురు పెట్టనక్కర లేకపోయింది. రంపం పెట్టిన తలుపు ఇంటికి సరిపోక కాలేజీకే ఉండిపోయింది, వాళ్ళింటికి ఇంకా చీరే.