ఆగితే ఈగలు, కదిలితే గేర్లు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అయిదింటికి మామగారి బండికి ట్రాలీ తగిలించాలి. ట్రాలీలో బావమరిది తేనె పెట్టెలు పదహారు, ఈగలతో సహా, మూతులకు జాలీ బిగించి. అరవై కిలోమీటర్ల దారి, మధ్యలో ఒక కొండ. ఎండ ముదరకముందే అవతలి తోటలో పెట్టెలు దించేసి, తొమ్మిదిన్నరకల్లా వచ్చి, తను గుమస్తాగా ఉన్న గ్రంథాలయం తలుపు తీయాలి. తోటంతా పూత మీదుంది, ఈగలు తిరిగితేనే కాయ పడుతుంది. మధ్యాహ్నంలోపు ఈగలు రాకపోతే ఇంకొకరిని పిలుచుకుంటానని తోటాయన ఖరాఖండీగా చెప్పేశాడు. అదే జరిగితే బావమరిదికి ఈ ఏడాది పని లేనట్టే.

పథకంలో లెక్కకు రానిది ఒక్కటే, మామగారి నోరు.

మామగారు ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. పైకీ కిందికీ కాకుండా ముందుకు పోయే వాహనం ఆయన చేతికి రావడం అదే మొదలు. అందుకే ఆ బండంటే ఆయనకు ప్రాణం.

"చూడు అల్లుడూ," అన్నారాయన, తాళం చూపిస్తూ, ఇవ్వకుండా. "దీని గేర్లు అదే మార్చుకుంటుంది. బరువు లాగితే లోపల నూనె కాగుతుంది. కాగి కాగి మాడుతుంది. నూనె మాడిందా, గేర్‌బాక్సు బూడిదే! అందుకని నూనె వేడి చూపించే ఈ మీటరు నా చేత్తో నేనే బిగించా. ముల్లు నూట పది దాటిందా, ఎక్కడున్నవాడివి అక్కడే ఆపెయ్. దీనికేమైనా అయిందో, మళ్లీ నా గడప తొక్కొద్దు. నీకు పిల్లనిచ్చినప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు నేను."

"చెప్పలేదు మామయ్యగారూ."

"పిల్ల గట్టిది కాబట్టి."

అయిదింటికి మొదలైన ఉపన్యాసం ఆరుంబావుకు ముగిసింది. చల్లదనం గురించి చెప్పి చెప్పి ఆయన సూర్యుణ్ణి పైకి తెచ్చేశారు. ఆ హడావుడిలో బావమరిది ఈగలను మచ్చిక చేసే పొగడబ్బా అరుగు మీదే మరిచిపోయాడు.

అల్లుడి ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను ముల్లు మీద. చదును దారిలో ఎనభై అయిదు. కొండ మొదలయ్యేసరికి గేర్‌బాక్సుకు సందిగ్ధం పట్టుకుంది. చెప్పుల కొట్లో మనిషిలా మూడో గేరు వేసి విప్పి, నాలుగోది వేసి విప్పి, ఎటూ తేల్చుకోలేకపోతోంది. బండితో వచ్చిన పుస్తకాన్ని అల్లుడు రెండుసార్లు చదివాడు. అలాంటప్పుడు కింది గేరులో కట్టిపడేయాలని అందులో ఉంది. కట్టిపడేశాడు. బండి గట్టిగా మూలిగి ఎక్కసాగింది. ముల్లు నూరు, నూట అయిదు, నూట పదకొండు.

అల్లుడి గుండె జారి కాళ్లలో పడింది. ఆ కాళ్లతోనే బ్రేకు తొక్కాడు.

"ఆపావేంటి బావా?"

"నూట పదకొండురా."

"అయితే?"

"మామయ్యగారు ఆపమన్నారు."

"ఆపితే నా ఈగలు ఉడికి చస్తాయ్! కదుల్తుంటేనే వాటికి గాలి. ఆ రొద వినపడట్లేదా?"

వినపడుతోంది. వెనక పదహారు పెట్టెలూ సలసల కాగే ఎసరులా మోగుతున్నాయి. కదిలితే గేర్లు ఉడుకుతాయి, ఆగితే ఈగలు ఉడుకుతాయి. ఈ రెండింటికంటే ముందు అల్లుడు ఉడికిపోయాడు.

ఫోను మోగింది. "ఎంతుంది?" అన్నారు మామగారు.

"నూట పదకొండండీ."

"కదలకు!"

బావమరిది ఫోను లాక్కున్నాడు. "నాన్నా, ఈగలు పోతాయ్!"

"ఈగలు మళ్లీ పుడతాయిరా. గేర్‌బాక్సు పుడుతుందా?"

రోడ్డు పక్కన కుళాయి ఒకటి కనబడడం వాళ్ల అదృష్టమో దురదృష్టమో చెప్పలేం. బావమరిది ట్రాలీలోని క్యాను నిండా నీళ్లు పట్టుకుని, గోనెపట్టాలు తడిపి పెట్టెల మీద కప్పాడు. రొద తగ్గింది. అది చూసి అల్లుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పదహారు కాపురాలను చల్లార్చిన గోనెపట్టా ఒక్క గేర్‌బాక్సును చల్లార్చలేదా? రెండు పట్టాలు బాగా తడిపి, బండి మూతికి అడ్డంగా తాడుతో బిగించి కట్టాడు. గేర్ల నూనెను గాలికి చల్లబరిచే జాలీ సరిగ్గా ఆ మూతిలోనే ఉంది. ఊపిరాడనివాడికి ముక్కు మూసి వైద్యం చేసినట్టయింది. రెండుసార్లు చదివిన పుస్తకంలో గోనెపట్టాల అధ్యాయం లేదు మరి.

అర కిలోమీటరు పోయేసరికి నూట పంతొమ్మిది. చల్లదనం చాలలేదనుకుని అల్లుడు మూడో పట్టా కట్టాడు. నూట ఇరవై ఆరు! ఈసారి బ్రేకు ఎంత గట్టిగా పడిందంటే, ట్రాలీలో పైవరస పెట్టెకు జాలీ ఊడి వేలాడింది. దాహంతో ఉన్న ఈగలు బుస్సున బయటికొచ్చాయి. ఎక్కడికీ పోలేదు. నీటి వాసన పట్టుకుని నేరుగా బండి మూతికొచ్చి తడిపట్టాల మీద వాలాయి. చూస్తుండగానే బండికి నల్లటి గడ్డం మొలిచింది.

"పట్టాలు తీసెయ్ బావా. వేడి పెంచుతున్నది అవే," అన్నాడు బావమరిది, తలుపు అద్దం పైకెత్తుకుంటూ.

"నాకూ ఇప్పుడే తెలిసింది. నువ్వు తియ్."

"పొగడబ్బా లేకుండానా? కుట్టి చంపుతాయ్."

"నీ ఈగలే కదరా!"

"నావే. ఆ సంగతి వాటికి తెలియాలిగా!"

మళ్లీ ఫోను. నూట ఇరవై ఆరు అన్న మాట విని మామగారు క్షణంపాటు మాట్లాడలేదు. పన్నెండేళ్లలో అల్లుడు ఆయన మౌనాన్ని వినడం అదే మొదటిసారి. "నేను వచ్చేదాకా అంగుళం కదిలావో..." అని మాత్రం అన్నారు చివరికి.

బావమరిది తువ్వాలు తలకు చుట్టుకుని, మిగతా పెట్టెల మీద నీళ్లు చల్లుతూ కూర్చున్నాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. గ్రంథాలయం ముందు జనం పత్రికల కోసం తలుపు కొడుతున్న దృశ్యం అల్లుడి కళ్లకు కట్టింది. దానివెనకే మామగారి గడప కూడా కట్టింది.

పదింటికి మామగారు క్రేన్ బండిలో, డ్రైవరు పక్కన, దండయాత్రకు వచ్చినట్టు వచ్చారు. ఒళ్లో పొగడబ్బా ఉంది, కూతురు గుర్తుపెట్టుకుని పంపింది. బావమరిది పొగ పట్టి, పట్టాలను పసిబిడ్డల్లా ఎత్తుకెళ్లి పెట్టె పక్కన పరిచాడు. ఈగలు బుద్ధిగా లోపలికి పోయాయి.

"మామయ్యగారూ, ముల్లు ఎనభైకి దిగింది. ఇక నడుపుకుంటూ పోవచ్చు," అన్నాడు అల్లుడు ఆశగా.

"నువ్వా? చాలు. క్రేన్ లాగుతుంది."

"చక్రాలు నేలమీద ఉంచి ఈ బండిని లాగకూడదని పుస్తకంలో..."

"పుస్తకం! ఇంజను తిరిగితేనే కదయ్యా వేడి? ఆపేసి న్యూట్రల్లో పెడితే గేర్‌బాక్సు హాయిగా నిద్రపోతుంది."

క్రేన్ డ్రైవరు తల గోక్కున్నాడు. "ఆటోమేటిక్ అయితే చక్రాలెత్తాలండీ. వెనక ట్రాలీ ఉంది, ఎత్తితే పెట్టెలు జారతాయి."

"ఎత్తకు. లాగు."

"పోతే నన్నడక్కండి."

స్టీరింగ్ దగ్గర మామగారు కూర్చున్నారు. ముందు క్రేన్, మధ్యన బండి, వెనక ట్రాలీ, రైలులా కదిలింది ఊరేగింపు. ముల్లు డెబ్బై, యాభై, నలభై. "చూశావా? నడపడమంటే ఇదీ!" అన్నారు మామగారు. వెనక సీట్లో అల్లుడికి మాత్రం ముల్లు దిగేకొద్దీ భయం ఎక్కువైంది. కాళ్ల కింద ఏదో సన్నగా కీచుమంటోంది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, గడప గుర్తొచ్చి మూసుకున్నాడు.

పన్నెండుకు పది నిమిషాల ముందు తోట చేరారు. జాలీలు తీయగానే ఈగలు పూత మీదికి ఎగబడ్డాయి. తోటాయన నవ్వాడు. బావమరిది తోటలోనే చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు. మామగారు దర్జాగా బండి స్టార్టు చేసి గేరు వేశారు. ఇంజను గర్జించింది. చక్రం కదలలేదు.

తోటాయన పిలిపించిన మెకానిక్కు బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఇంజను ఆగితే దీంట్లో నూనె తిరగదండీ. చక్రాలేమో గేర్లను తిప్పుతూనే ఉన్నాయ్. నూనె అందక కాలిపోయింది. ఇక పనికిరాదు."

"కొండ మీదే పోయుంటుంది. నూట ఇరవై ఆరు కొట్టాడు మా అల్లుడు!" అన్నారు మామగారు.

"ఆ మీటరు తీగ ఎవరు బిగించారో గానీ, నూనె మహా వేడిగా బయటికొచ్చే గొట్టానికి తగిలించారు. పొయ్యి మీది గిన్నెలో వేలు పెట్టి కంచంలో వేడెంతో చెప్పినట్టుంది. అక్కడ నూట ఇరవై మామూలేనండీ. కొండెక్కించినాయన దీనికి ఏ అపకారమూ చేయలేదు." మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు. "అక్కణ్ణించి ఇక్కడిదాకా నడిపిందెవరు?"

 పన్నెండేళ్లుగా "చిత్తమండీ" తప్ప ఇంకో మాట ఎరగని అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"నడిపినవాళ్లెవరూ లేరండీ. మామయ్యగారు కూర్చున్నారు."

ఆనాటి నుంచి మామగారు గేర్‌బాక్సుల గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రస్తుతం తేనెటీగల పెంపకం గురించి ఇస్తున్నారు.