వకీలు నడుము కొలత మాయం

"నేరం చేసి నా కంట పడనివాడు ఇంకా పుట్టలేదు!" అంటూ బావ దర్జీ దుకాణంలోకి అడుగుపెట్టాడు. గుమ్మం పక్కనున్న ఇస్త్రీ బల్ల మాత్రం ఆయన కంట పడలేదు. మోకాలు పట్టుకుని కుంటుతూ లోపలికొచ్చాడు.

మరదలికి నవ్వే ఓపిక లేదు. ఈ దుకాణం వెబ్‌సైట్ ఆమె సొంతంగా చేసిన మొదటి పని. ఒక్కొక్కరి కొలతలూ, వాటి కింద దర్జీ మాస్టారు రాసే గమనికలూ కలిపి ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే మొదట్లో ఒక గుర్తూ చివర ఒక గుర్తూ ఉన్న మూటగా కట్టి, డేటాబేస్‌లో తలా ఒక గడిలో దాచింది. పేజీ ఆ మూట విప్పి చూపాలి. అందరివీ విప్పుతోంది, వకీలుగారిది తప్ప. నాలుగింటికి ఆయన వచ్చేసరికి కోటు గుడ్డ కత్తిరించి ఉండాలి.

"కొలతలు దొరక్కపోతే ఈ సైటూ వద్దు, నువ్వూ వద్దు తల్లీ," అనేశారు మాస్టారు.

బావ తెరకి భూతద్దం ఆనించాడు. "ఏమంటోంది?"

"మూటకి చివరి గుర్తు లేదంటోంది బావా. పొద్దుట్నుంచీ నా ప్రోగ్రాంలో తప్పు వెతుకుతున్నా."

"తప్పు కాదే పిచ్చిమొహమా, కుట్ర! తన నడుము లోకానికి తెలియకూడదని వకీలే చెరిపేశాడు!"

"ఆయనకి ఫోనెత్తడమే సరిగా రాదు బాబూ," అన్నారు మాస్టారు.

"అదే నటన!"

దేవుడా, సాయం పంపమంటే బావనా పంపేది అనుకుంది మరదలు.

బావ ఒక ఖాళీ ఖాతా తెరిచి, గమనికల పెట్టెలో దర్యాప్తు నివేదిక కొట్టసాగాడు. తన పుట్టుక దగ్గర మొదలెట్టాడు. గంటకి వకీలు దాకా వచ్చి, సేవ్ నొక్కి, "చదువు!" అన్నాడు.

పేజీ తెరుచుకోలేదు. చివరి గుర్తు లేదట.

"నా నివేదికనీ హత్య చేశాడు!"

మరదలు నేరుగా గడిలోకి తొంగిచూసింది. నివేదిక "అప్పుడు నేను మీసం" దగ్గర తెగిపోయి ఉంది. గబగబా వకీలు గడి చూసింది. కొలతలు భద్రంగా ఉన్నాయి. మాస్టారి గమనికే "ఎంత వదులు పెట్టినా బిగుతంటాడు, పోయినసారైతే" దగ్గర తెగింది. గడి చిన్నది. పట్టనిదంతా డేటాబేస్ చప్పుడు చేయకుండా కోసేసింది, చివరి గుర్తుతో సహా.

గడి పెంచి గుర్తు పెట్టగానే పేజీ తెరుచుకుంది. నడుము నలభై ఆరు.

"చూశావా? నేనే ఎరగా మారి పట్టించా!" అన్నాడు బావ.

మాస్టారు అప్పటికే గుడ్డ మీద సుద్ద గీస్తున్నారు. "సైటు ఉంటుందిలేమ్మా. గడి ఎంత పెంచావు?"

"పదింతలు మాస్టారూ."

"చాలదు. మీ బావగారు మళ్లీ మొదలెట్టారు."