అల్లుడుగారు చెప్పలేమన్నారు

సెలవురోజు కదా, కారుతున్న వంటింటి కుళాయి సంగతేదో తేలుద్దామని భూకంప శాస్త్రవేత్త పొద్దున్నే స్పానర్ పట్టుకున్నారు. అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. దగ్గరి కొండల్లో ఎప్పుడో ఒకటి వచ్చే చిన్న ప్రకంపనలు నిన్నటి నుంచి గుంపులు గుంపులుగా వస్తున్నాయట.

"గుంపుగా వస్తే ఏమవుతుంది బాబూ?" కూరలు తరుగుతూ అడిగారు అత్తగారు. అల్లుడి ఉద్యోగం గురించి ఆవిడ నోరు విప్పి అడగడం ఇదే మొదలు. ఆయనకు హుషారొచ్చింది.

"చాలాసార్లు వాటంతటవే సద్దుమణుగుతాయి అత్తయ్యగారూ. ఎప్పుడైనా వాటి వెనకే పెద్దది వస్తుంది. అది వచ్చాక గానీ ఇవి దానికి సూచనలని తెలీదు."

"ఇంతకీ ఇప్పుడు వస్తుందా, రాదా?"

"చెప్పలేం."

ఆవిడ కత్తి కింద పెట్టారు. తెలీదన్నది ఆయన ఉద్దేశం. తెలుసు గానీ బయటికి చెప్పకూడదన్నది ఆవిడకు అర్థమైన సంగతి. ఆయన వాషరు బిగించేలోపు ఆ సంగతి ఎదురింటి టీచరమ్మకు చేరింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా దిళ్లూ దుప్పట్లతో స్కూలు మైదానంలో ఉంది.

డైరెక్టరు ఫోన్ చేశారు. "ఏమయ్యా, మీ వీధి ఖాళీ అయిందట. నాకు చెప్పకుండా ఏం కనిపెట్టావు?"

"ఏమీ కనిపెట్టలేదు సర్."

"అయితే వెళ్లి అందర్నీ ఇళ్లకు పంపు. లేదంటే రేపటి నుంచి నువ్వూ ఇంట్లోనే ఉండొచ్చు."

ఆయన ఉరుకుల పరుగుల మీద వెళ్లి బెంచీ ఎక్కారు. "దయచేసి ఇళ్లకు వెళ్లండి. కంగారు పడాల్సిందేమీ లేదు."

"రాదని రాసిస్తారా?" అడిగాడు బట్టలకొట్టాయన.

"అలా ఎవరూ రాసివ్వలేరండీ," అన్నారు శాస్త్రవేత్త.

అంతే, అప్పటిదాకా నిలబడి ఉన్నవాళ్లు కూడా దుప్పట్లు పరిచేశారు.

సాయంత్రం ఉన్నట్టుండి నేల వణికింది. ఎవరిదో స్టీలు గ్లాసు దొర్లింది. అంతకుమించి ఏమీ కాలేదు.

"ఇంతేనా?" అన్నారు టీచరమ్మ.

అత్తగారు దిండు దులిపి చంకన పెట్టుకున్నారు. "వచ్చింది, పోయింది. ఇక పదండి."

చూస్తుండగానే మైదానం ఖాళీ అయింది. శాస్త్రవేత్త మాత్రం కదల్లేదు. ఇది నిన్నటివాటికంటే పెద్దది. దీని వెనక ఇంకెంతది ఉందో ఆయనకూ తెలీదు.

"ఏమండీ, ఇంటికి రారా?" అంది భార్య.

"నువ్వూ ఉండు. ఇంకాసేపు చూసి వెళదాం."

"వెళ్లమని ఇందాక బెంచీ ఎక్కి మరీ చెప్పింది మీరే కదండీ," అంటూ ఆవిడ దుప్పటి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

గేటు దగ్గర అత్తగారు టీచరమ్మకు సర్ది చెబుతున్నారు. "మా అల్లుడు మంచివాడేనమ్మా, కాస్త పిరికితనం, అంతే."