ఫ్లాట్ ఫోర్‌లో నాలుగు సిలిండర్లు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మేనేజర్ ఫోన్ చేసి కారు ఇంజన్ల గురించి ప్రశ్నలడుగుతాడు. సరిగ్గా చెబితే విడిభాగాల కంపెనీలో బిల్లింగ్ కౌంటర్ వదిలి స్టోర్స్ ఇన్‌ఛార్జ్ కుర్చీలోకి మారుతుంది. తడబడితే, ఇన్నేళ్ళుగా కొడుతున్న బిల్లులే మళ్ళీ కొట్టుకోవాలి.

పాఠం అప్పజెప్పించుకునే పని అత్తగారు మీద వేసుకుంది. కిటికీ పక్కన కూచుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఏ సంగతైనా చెవిన పడిందంటే దాని అంతు చూసేదాకా ఆవిడకి ముద్ద దిగదు.

"సిలిండరంటే గ్యాసు బండేగా?"

"కాదత్తయ్యా. ఇంజన్లో గొట్టంలాంటి గది. అందులో పెట్రోలు మండితే ఆ తోపుడికి పిస్టన్ కదులుతుంది. ఆ గదుల్ని ఎలా పేర్చారన్నదాన్ని బట్టి ఇంజన్ల రకాలు."

"ఎన్నున్నాయని కాదా?"

"అంకె తర్వాత. ముందు పేర్పు."

అత్తగారు నాలుగు కాయల్ని పళ్ళెం అంచుకి వరసగా నిలబెట్టింది. "ఇలా ఉంటే?"

"ఇన్‌లైన్."

రెండేసి చొప్పున విడదీసి, మొదళ్ళు కలిపి, కొసలు ఎడంగా జరిపింది. "ఇలా?"

"వీ."

"మరి నిలబడే ఓపిక లేక పడుకుంటేనో?"

కోడలికి నవ్వొచ్చింది. "అది ఫ్లాట్. నాలుగుంటే ఫ్లాట్ ఫోర్. రెండిటు, రెండటు. పిస్టన్లు ఎదురెదురుగా గుద్దులాడుకుంటున్నట్టు కదిలితే బాక్సర్ అంటారు."

అత్తగారికి విషయం తలకెక్కింది. ఆవిడ తలకెక్కిన ఏ విషయమైనా గొంతు దాటితే వీధి చివరిదాకా వెళ్తుంది.

"అయితే ఫ్లాట్ ఫోర్‌లో నాలుగు సిలిండర్లు పడుకోబెట్టి ఉంటాయి. రెండిటు, రెండటు. లోపల ఒకదాని తర్వాత ఒకటి భగ్గుమంటాయి. అంతేగా?"

"అంతే," అంది కోడలు.

కిటికీ అవతల బట్టలారేస్తున్న రేడియో పిన్ని చేతిలోంచి తడి దుప్పటి జారిపోయింది. అదే అపార్ట్‌మెంట్‌లో ఐదో ఫ్లాట్‌లో ఉండే ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. పైగా నాలుగో ఫ్లాటుకీ ఆవిడ వంటింటికీ మధ్య ఒకటే గోడ.

ఆవిడ మెట్లెక్కుతున్నకొద్దీ వార్త కూడా ఎక్కింది. కింద నాలుగు సిలిండర్లే ఉన్నాయి. మొదటి అంతస్తులో అవి లీకవడం మొదలుపెట్టాయి. డాబా మీదికి చేరేసరికి ఒకటి పేలిపోయింది కూడా. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కరెంటు మెయిన్ ఆపేసి, ఫైరింజన్‌ని పిలిచి, ఈల వేస్తూ అందర్నీ వాకిట్లోకి తోలాడు. కోడలు ఫోన్‌తో, అత్తగారు బీన్స్ పళ్ళెంతో బయటపడ్డారు.

"ఏమైందట?" అంది అత్తగారు.

"ఎక్కడో గ్యాస్ లీకట," అన్నారెవరో.

"ఎవరింట్లోనో పాపం," అంటూ ఆవిడ మునివేళ్ళ మీద లేచి మెడ చాచింది.

"ఇంటికి రెండు బండలకి మించకూడదని నోటీసు పెట్టిందే నేనండీ," అని సెక్రటరీ ఫైర్ ఆఫీసర్‌కి విన్నవించుకున్నాడు. "జనానికి భయం లేదు, భక్తి లేదు."

నాలుగో ఫ్లాట్ తలుపు విరిగింది. లోపల రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సు కుర్రాడు దుప్పటి ముసుగు తీసి చూశాడు. వంటింట్లో కరెంటు పొయ్యి తప్ప ఇంకేం లేదు.

"నాలుగు పడుకోబెట్టి ఉన్నాయన్నారే?" అన్నాడు ఆఫీసర్.

"పడుకున్నమాట నిజమేనండీ," అన్నాడతను, "కానీ నేనొక్కణ్ణే."

ఆఫీసర్ చిరాగ్గా బయటికొచ్చాడు. "ఈ మాట పుట్టించిందెవరు?"

రేడియో పిన్ని వేలు అత్తగారి వైపు తిరిగింది. "ఆవిడేనండీ. నా చెవులారా విన్నా."

"నేనన్నది కారు సంగతి నాయనా," అంది అత్తగారు.

"కార్లో ఉన్నాయా సిలిండర్లు?"

"ఉండవూ మరి? నాలుగుంటాయి."

వాకిట్లో ఉన్న ఒకే ఒక్క కారు సెక్రటరీది. దాని చుట్టూ ఉన్న జనం గోడకి అతుక్కుపోయారు. ఆఫీసర్ నీళ్ళ గొట్టం అటు తిప్పమన్నాడు.

"సీట్లు కొత్తవండీ," అంటూ సెక్రటరీ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

జరిగిందేమిటో కోడలికి అప్పుడు వెలిగింది. చెబుదామని నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. మేనేజర్. ఒకసారి ఎత్తకపోతే రెండోసారి చేసే మనిషి కాడు. ఒక్క నిమిషం అన్నట్టు ఆఫీసర్‌కి చెయ్యి చూపించి ఎత్తింది.

"సిలిండర్లు పేర్చిన తీరుని బట్టండీ. ఇన్‌లైన్, వీ, డబ్ల్యూ, ఫ్లాట్..." అవతల్నుంచి ఇంకో ప్రశ్న వచ్చినట్టుంది. కోడలు రెండో చెవి మూసుకుని గొంతు పెంచింది. "ఫ్లాట్ సిక్సా? ఆరు సిలిండర్లండీ. మూడిటు, మూడటు. పడుకోబెట్టి."

గొట్టం పట్టుకున్నవాడితో సహా అందరూ ఆరో ఫ్లాట్ వైపు తిరిగారు. అది సెక్రటరీ కాపురముంటున్న ఫ్లాట్.

"ఆరా?" అన్నాడు ఆఫీసర్.

సెక్రటరీ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "అన్యాయమండీ. ఆరెక్కడివి, మూడే. అవైనా పడుకోబెట్టలేదు. గోడవారన వరసగా నిలబెట్టే ఉంచాను."

అందరి చూపులూ సెక్రటరీ మీదికి మళ్ళాయి. అత్తగారు మాత్రం లెక్క సరిచేసింది.

"అయితే ఫ్లాట్ సిక్స్ కాదమ్మాయ్. ఇన్‌లైన్ త్రీ."

ఫోన్లో మేనేజర్‌కి ఆ మాట వినబడింది. "పక్కనుంచి ఎవరో అందిస్తున్నట్టున్నారే?"

కోడలికి కుర్చీ వచ్చినట్టే వచ్చి పోతోంది. "అందించడం కాదండీ. మా అత్తగారు. నేను చెబుతుంటే నేర్చుకున్నారు."

"ఎప్పట్నుంచి నేర్పుతున్నారు?"

"ఈ పొద్దున్నేనండీ. బీన్స్ కాయలతో."

మేనేజర్ నవ్వేశాడు. "కాయలతో ఇంతమాత్రం నేర్పారంటే మా స్టోర్స్ వాళ్ళకి కూడా మీరే నేర్పాలి. రేపట్నుంచి ఆ కుర్చీలో కూచోండి. మీ బిల్లింగ్ సీటు ఖాళీ అవుతుంది కదా, ఆవిడ వస్తారేమో అడగండి."

కోడలు అడిగింది. ఆరో ఫ్లాట్‌లోంచి బండలు మోసుకొస్తున్నవాళ్ళ వెనకాల తల వంచుకుని నడుస్తున్న సెక్రటరీని అత్తగారు ఎగాదిగా చూసింది.

"తొందరేం లేదను. ఇక్కడా ఒక పోస్టు ఖాళీ అయ్యేలా ఉంది, రెండూ చూసుకుని చెబుతా."